లక్కపిడతల రంగు

ఈద్ రోజుల్లో పేద పిల్లలకు కొత్త బట్టలతోపాటు బొమ్మలు కూడా ఇచ్చే దాతలు మన పల్నాడులో ఉన్నారు. అల్లాహ్ వారి దానాన్ని స్వీకరించుగాక. బొమ్మ కొనేటప్పుడు మనం ధర చూస్తాం, గట్టిదనం చూస్తాం. ఆ రంగు దేనితో చేశారని మాత్రం అడగం.

అడగవలసిన కారణం ఉంది. చౌక రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు రంగుల్లో సీసం కలిసి ఉండవచ్చు. చిన్నపిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే ప్రమాదం లేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 2007లో మ్యాటెల్ వంటి పెద్ద కంపెనీయే ఈ కారణంగా లక్షల బొమ్మలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మన రాష్ట్రంలోనే ఈ చిక్కును విప్పిన కళాకారుడు ఒకరున్నారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరు ఉంది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. మన ఇళ్లలో ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతలు ఇలాంటి పనితనమే. కాలక్రమంలో అక్కడికీ రసాయన రంగులు వచ్చాయి. పని సులువైంది, రంగు మెరిసింది, విషం కూడా వెంట వచ్చింది.

ఆ ఊరివారే అయిన సి.వి. రాజు గారు పాత దారి వెతికారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, మంజిష్ఠ వంటి వాటినుంచి రంగులు తీశారు. చెప్పినంత తేలిక కాదిది. నీళ్లలో కరిగే చెట్టు రంగు లక్కలో కలవాలి, వేడికి మాడకూడదు, ఎండకు వెలిసిపోకూడదు. తాను ఒక్కరే నేర్చుకుని ఊరుకోక తోటి పనివారికి నేర్పారు. అసలు గొప్పతనం అక్కడే ఉందని మా అభిప్రాయం. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో రాజు గారికి పద్మశ్రీ లభించాయి. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే.

అయితే రంగు మారినంత మాత్రాన కర్ర పుట్టదు. అంకుడు చెట్లు తరిగితే తరిణె ఆగిపోతుంది. ముస్లిం నాటిన చెట్టునుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా అది అతనికి సదఖా అవుతుందని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పొగ ఎరిగిన మనకు చెట్టు విలువ వేరే చెప్పాలా?

ఇక కొనుగోలు సంగతి. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులకు మినహాయింపు ఉంది. అందువల్ల చేతిబొమ్మపై గుర్తు లేకపోవడం తప్పు కాదు, కాని రంగు సంగతి అమ్మేవారినే అడిగి తెలుసుకోవాలి. ప్రాణుల రూపాల విషయంలో మన పెద్దలలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ సందేహం ఉన్నవారికి బొంగరాలు, గిలక్కాయలు, వంటసామాను పిడతలు ఉన్నాయి. ఫ్యాక్టరీ బొమ్మకంటే వీటి ధర కాస్త ఎక్కువే. ఈ ఏడాది ఈద్ కానుకల జాబితా వేసేటప్పుడు సంఖ్య కొంత తగ్గినా ఇవే తీసుకుందామని దాతలను కోరుతున్నాము.