చట్టం చెల్లదని దిగువ కోర్టు భావిస్తే...

న్యూఢిల్లీ: పార్లమెంటు గానీ, శాసనసభ గానీ చేసిన చట్టాన్ని కొట్టివేసే అధికారం హైకోర్టులకు, సుప్రీంకోర్టుకే ఉంది. మేజిస్ట్రేటు కోర్టుకు, మున్సిఫ్ కోర్టుకు ఆ అధికారం లేదు. మరి తాను అమలు చేయవలసిన చట్టమే రాజ్యాంగ విరుద్ధమని కింది కోర్టు న్యాయమూర్తి భావిస్తే మార్గమేమిటి?

ఆ ప్రశ్నను హైకోర్టుకు నివేదించాలన్నది చట్టం చూపిన మార్గం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 113వ సెక్షన్‌కు 1951లో చేర్చిన నిబంధన ఈ బాధ్యతను సివిల్ కోర్టులపై ఉంచింది. క్రిమినల్ కేసులలో 1973 నాటి కోడ్‌లోని 395వ సెక్షన్ ఇదే చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 436వ సెక్షన్ అమలులోకి వచ్చింది.

కక్షిదారు అభ్యంతరం లేవనెత్తినంత మాత్రాన కేసు హైకోర్టుకు వెళ్లదు. చట్టం చెల్లుబాటు తేలనిదే కేసు పరిష్కారం కాని పరిస్థితి ఉండాలి. ఆ చట్టం చెల్లదని దిగువ కోర్టు స్వయంగా అభిప్రాయపడాలి. అప్పటికి హైకోర్టు గానీ, సుప్రీంకోర్టు గానీ అలా ప్రకటించి ఉండకూడదు. ఈ షరతులన్నీ నెరవేరితే నివేదించడం విధి; ఐచ్ఛికం కాదు. న్యాయమూర్తి తన అభిప్రాయాన్ని, కారణాలను లిఖితపూర్వకంగా పంపాలి.

హైకోర్టు నిర్ణయం వెలువడే వరకు నిందితుని జైలుకు పంపవచ్చు, లేదా బెయిలుపై విడుదల చేయవచ్చు. అందువల్ల ఈ జాప్యం నిందితుని స్వేచ్ఛకు సంబంధించిన విషయం. సివిల్ దావాలో విచారణ కొనసాగించి డిక్రీ ఇచ్చినా, హైకోర్టు సమాధానం వచ్చే వరకు దానిని అమలు జరపరాదు.

రాజ్యాంగంలోని 228వ అధికరణం హైకోర్టుకు మరో అధికారం ఇచ్చింది. రాజ్యాంగ వ్యాఖ్యానానికి సంబంధించిన ముఖ్య ప్రశ్న ఇమిడి ఉన్న కేసును అది కింది కోర్టు నుంచి తన వద్దకు తెప్పించుకోవచ్చు. కేసు మొత్తాన్ని పరిష్కరించవచ్చు, లేదా ఆ ప్రశ్న వరకే తేల్చి తిప్పి పంపవచ్చు.

ఎమర్జెన్సీ కాలంలో ఈ మార్గం ఇరుకైంది. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ కేంద్ర చట్టాల చెల్లుబాటును తేల్చే అధికారాన్ని సుప్రీంకోర్టుకే పరిమితం చేసింది. అలాంటి ప్రశ్న వస్తే హైకోర్టు కూడా ఢిల్లీకి నివేదించవలసి వచ్చింది. జనతా ప్రభుత్వ హయాంలో వచ్చిన 43వ సవరణ 1978లో హైకోర్టుల అధికారాన్ని పునరుద్ధరించింది.

2019 జనవరి 1న హైకోర్టులు వేరుపడినందున, ఇటువంటి ప్రశ్నలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని కోర్టులు ఎవరి హైకోర్టుకు వారు నివేదించాలి. రిట్ పిటిషన్ వేసే స్తోమత లేని కక్షిదారు అభ్యంతరం సైతం ఈ విధంగా హైకోర్టు ముందుకు చేరగలదు.