ముగ్గురు నడిపే బండి

సోలాపూర్ తూర్పు పేటల్లో కార్ఖానా ఉన్న ఇంటి ముందు ఒక పికప్ నిలబడి ఉండడం ఇప్పుడు మామూలు సంగతి. సాఖర్ పేట, దాజీ పేట, అశోక్ చౌక్, నీలం నగర్, ఎటు వెళ్లినా అదే. ఆ బండికి ఒక్క డ్రైవరంటూ ఉండడు. పొద్దున పెద్దన్న అక్కల్‌కోట్ రోడ్ ఎమ్‌ఐడీసీకి పోయి నూలు కోన్ల బస్తాలు తెస్తాడు. మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చిన కొడుకు తువ్వాళ్లను అద్దకానికి చేరవేస్తాడు. రాత్రికి జీతం మీదున్న డ్రైవరు చద్దర్ల గట్టాలు ఎత్తించుకుని హైదరాబాద్ దారి పడతాడు. ముగ్గురివీ మూడు ఎత్తులు, మూడు రకాల కాళ్లు, మూడు రకాల కళ్లు. క్యాబిన్ మాత్రం చివరగా దిగినవాడు ఎలా వదిలిపెట్టాడో అలాగే ఉంటుంది.

బయలుదేరే ముందు తాడు బిగువు నలుగురు చూస్తారు. తాడపత్రి మూలలు లాగి చూస్తారు. టైరును కాలితో తన్ని చూస్తారు. లోపల కూర్చునే చోటును మాత్రం ఎవరూ చూడరు. మగ్గం ఎరిగిన మనకు ఇది వింతగా తోచాలి. సాంచా (కరెంటు మగ్గం) మీద కొత్త భీము (పడుగు చుట్ట) ఎక్కిస్తే పోగులు, పన్నె, బిగువు సరిచూసుకోకుండా మోటరు వేయం. మనిషి మారిన బండి కూడా కొత్త భీము ఎక్కిన సాంచా లాంటిదే.

ఈ పేటల్లోకి బండి వచ్చింది ఈమధ్యనే. 1877లో మొదలైన స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, దాని వెనక వచ్చిన మిల్లులు ఈ ఊరిని బట్టల ఊరుగా నిలబెట్టాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపుల నుంచి పద్మశాలీలు వచ్చి ఇక్కడ పేటలు కట్టుకున్నారు. ఇళ్లలో చేతిమగ్గాలు పోయి కరెంటు మగ్గాలు వచ్చినా, గల్లీల్లో సరుకు కదిలింది చాలాకాలం తోపుడు బండ్ల మీదే. 2005లో టాటా ఏస్ వచ్చాక లెక్క మారింది. మీటరున్నర వెడల్పున్న ఆ ఛోటా హాథీ, ఎద్దుబండి పట్టే గల్లీలోకల్లా దూరింది. తర్వాత సరుకు పెరిగి, హైదరాబాద్ బేరాలు పెరిగి, బొలెరో పికప్‌లు, దోస్త్‌లు వచ్చాయి. బండి పెద్దదైంది, వేగం పెరిగింది. క్యాబిన్‌తో మన తీరు మాత్రం తోపుడు బండి నాటిదే.

ముందు సీటు సంగతి. క్లచ్ పూర్తిగా కిందికి తొక్కినప్పుడు ఎడమ మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాలు కర్రలా చాచుకుంటే సీటు వెనక ఉందని అర్థం. మోకాలు స్టీరింగుకు తగులుతుంటే మరీ ముందుంది. వీపు సీటుకు ఆన్చి చేతులు చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి, భుజం సీటు వదిలి లేవకూడదు. ఈ రెండూ చూసుకోవడానికి అర నిమిషం చాలు. సీటు జరిపాక కింది మీట టక్కున గాడిలో పడిందో లేదో ఒకసారి ముందుకీ వెనక్కీ ఊగి చూడాలి. గాడిలో పడని సీటు మామూలు రోడ్డు మీద బాగానే ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసిన క్షణంలోనే జారుతుంది. అందుకే నడుస్తున్న బండిలో సీటు జరపకూడదు, స్టీరింగ్ వంపు మీట అసలు ముట్టుకోకూడదు.

చాలా పికప్‌లలో వీపు పలక కదలదు, సీటు జరిగేదీ తక్కువే. పొట్టివాళ్లు దిండు వేసుకుంటారు. దిండు వేస్తే గట్టిది, కట్టి ఉన్నది వేయాలి. మనవాళ్ల అలవాటు ఇంకొకటుంది: సీటు మీద తువ్వాలు పరచడం. సోలాపూర్ తువ్వాలు చెమట బాగా పీలుస్తుంది, కాదనను. మార్చి దాటితే ఈ ఊళ్లో క్యాబిన్ పొయ్యిలా ఉంటుందనీ తెలుసు. కానీ రెక్సిన్ మీద వదులుగా పరిచిన తువ్వాలు జారుతుంది. బ్రేకు వేసినప్పుడు దాంతోపాటు మనిషీ బెల్టు కిందినుంచి ముందుకు జారతాడు. పైగా బెల్టు బకిల్ దాని కింద ఎక్కడో దాక్కుంటుంది. పరచాలనుకుంటే నాలుగు మూలలా నాడాలు కుట్టించి సీటుకు కట్టండి. కుట్టు మిషను లేని ఇల్లు మన పేటలో ఉందా?

తల వెనక దిండు విడిగా ఉంటే దాని పైఅంచు తల నెత్తికి సమంగా రావాలి. మెడ దగ్గర ఆగిపోతే వెనకనుంచి వచ్చిన బండి గుద్దినప్పుడు అది మెడను కాపాడదు, పైగా తల దాని మీదుగా వెనక్కి విరుచుకుపడుతుంది.

బెల్టు గురించి ఎంత చెప్పినా మనవాళ్ల జవాబు ఒక్కటే: “ఇక్కడిక్కడికే గదనే, ఎందుకు?” మన సరుకు పికప్‌లు చాలావాటిలో ఎయిర్‌బ్యాగు లేదు. కాబట్టి ప్రమాదంలో మనిషిని సీటులో పట్టి ఉంచేది ఆ పట్టీ ఒక్కటే. 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపు దిద్దిన మూడు చోట్ల పట్టే బెల్టు నేటికీ పెద్దగా మారలేదు. కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ మెడకు ఒరుసుకోకుండా భుజం ఎముక మీదుగా, ఛాతీ మధ్యగా రావాలి. మెడకు గుచ్చుకుంటోందని చంక కిందినుంచి తీసుకునేవాళ్లున్నారు. అలా తీసుకుంటే దెబ్బ పక్కటెముకల మీద, వాటి వెనకున్న కాలేయం మీద పడుతుంది. పట్టీ మెలిపడకూడదు. గర్భిణి కూర్చుంటే కింది పట్టీ కడుపు కిందుగా వెళ్లాలి, కడుపు మీదుగా కాదు.

అలారం మోగకుండా ఖాళీ బకిల్ ముక్క గుచ్చడం మరో తెలివి. బెల్టు లేకపోతే ఏమవుతుందో చూశాం: 2022 సెప్టెంబర్ 4న మన మహారాష్ట్రలోనే, పాల్ఘర్ జిల్లాలో, వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో చనిపోయారు. మరుసటి ఏడాది ఆ ముక్కల అమ్మకాన్ని ఆపేయమని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ దుకాణాలను ఆదేశించింది. బెల్టు లేకపోతే 2019 సెప్టెంబర్ నుంచి కేంద్ర చట్టంలో జరిమానా 1,000 రూపాయలు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోయినా అంతే.

ఇక అద్దాలు, దీపాలు. ఇవి సరుకుతో పాటు మారతాయని మనం పట్టించుకోం. గట్టాలు ఎత్తాక లోపలి అద్దంలో కనబడేది తాడపత్రే. అప్పుడు బయటి రెండు అద్దాలే కళ్లు. వాటిని ఖాళీ బండి మీద కాదు, సరుకు ఎత్తాకే సరిచేయాలి, ఎందుకంటే బరువుకు వెనక భాగం కుంగి అద్దం చూపు కిందికి దిగుతుంది. అద్దం లోపలి అంచున బండి ఒళ్లు సన్నని గీతలా కనబడితే చాలు, మిగిలినదంతా రోడ్డు కనబడాలి. సగం అద్దం నిండా తన బండి పక్క పలకే కనబడేలా పెట్టుకుని నడిపేవాళ్లు ఎంతమందో! ఎంత సరిచేసినా ఎడమ పక్కన, క్యాబిన్ తలుపు వెనక ఒక మోటారు సైకిలు దాగేంత చోటు మిగులుతుంది. గల్లీ మలుపులో తల తిప్పి చూడాల్సిందే.

అదే కుంగు వల్ల ముందరి దీపాలు మాత్రం ఆకాశానికి లేస్తాయి. ఎదుటివాడు తిడతాడు, మనం తిరిగి హైబీమ్ కొడతాం. దీనికి మందు డాష్‌బోర్డు మీదే ఉంది. చాలా బండ్లలో స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. దాన్ని ఎప్పుడూ తిప్పనివాళ్లే ఎక్కువ. ఖాళీ బండికి సున్నా. బరువు పెరిగేకొద్దీ అంకె పెంచితే వెలుగు కిందికి దిగుతుంది. నిండు సరుకుతో గోడ ముందు నిలిపి ఒకసారి తిప్పి చూస్తే ఎంత తేడా వస్తుందో తెలిసిపోతుంది. ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా సుమారు 300 కిలోమీటర్ల రాత్రి ప్రయాణంలో ఈ చిన్న చక్రం విలువ ఎదురొచ్చే ప్రతి బండివాడికీ తెలుస్తుంది.

ఆ దారికి మరో గుణముంది. హైదరాబాద్ మనకు తూర్పున ఉంది. పొద్దున బయలుదేరితే సూర్యుడు కళ్లలోకే. సాయంత్రం తిరిగొస్తే మళ్లీ ఎదురుగానే. ఎండను అడ్డుకునే పలకను దించబోతే దాని వెనక రబ్బరు బ్యాండుతో కట్టిన చలాన్లు, టోల్ రసీదులు, ఇ-వే బిల్లు ముఖం మీద రాలతాయి. కాగితాలకు వేరే పెట్టె పెట్టండి. పలకను కళ్ల ఎత్తు వరకే దించాలి, సిగ్నలు దీపం దాని వెనక దాగకూడదు.

డాష్‌బోర్డు మీద మన పద్మశాలీలు కొలిచే మార్కండేయుడి పటం ఉండాలి, ఉండొద్దని నేననను. అతికించి ఉండాలి, చూపుకు కిందుగా ఉండాలి, అంతే. ఖండే నవమికి (ఆయుధ పూజకు) కట్టిన పూలదండ ఎండిపోయి అద్దానికి అడ్డంగా దీపావళి దాకా వేలాడడం భక్తి లెక్కలోకి రాదు. పూజలో పెట్టిన కొబ్బరికాయ, నీళ్ల సీసా, జాకీ, స్పానరు, ఏది వదులుగా ఉన్నా అది దొర్లుతుంది. వీటిలో నీళ్ల సీసా అన్నిటికన్నా ప్రమాదం. బ్రేకు పెడల్ కిందికి దొర్లి ఇరుక్కుంటే ఎంత తొక్కినా పెడల్ దిగదు. కాళ్ల కింది పట్టా పెడల్ మీదికి పాకకూడదు, ఒకదాని మీద ఇంకొకటి వేయకూడదు. వదులు చెప్పులు విప్పి సీటు వెనక పెట్టండి, కాళ్ల దగ్గర కాదు.

ఫోన్ గురించి ఒక్క లెక్క చాలు: గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో పదహారు మీటర్లకు పైగా పోతుంది. మూడు సెకన్లు కింద చూస్తే యాభై మీటర్లు గుడ్డిగా పోయినట్టే.

నిప్పు సంగతి మన సరుకును బట్టి విడిగా చెప్పాలి. మన పేటల్లో సాంచా మోత ఎంతో, బీడీలు చుట్టే చేతులూ అంతే. క్యాబిన్‌లో వెలిగించిన బీడీ కిటికీలోంచి విసిరితే గాలికి వెనక నూలు బస్తాల మీదికే పోతుంది. నూలులో పడ్డ నిప్పు వెంటనే మండదు. లోలోపల రాజుకుంటూ పదిమైళ్లు పోయాక బయటపడుతుంది. అలాగే కాలిన ఫ్యూజు చోట రాగి తీగ చుట్టడం, అదనపు హారన్‌కు, పాటల పెట్టెకు, రంగు దీపాలకు ఫ్యూజు లేకుండా వైర్లు లాగడం కూడా నిప్పుకు దారే. ఇంజను సీటు కిందే ఉండే చిన్న బండ్లలో ఆ మూత కింద నూనె గుడ్డలు, చిందీలు కుక్కకండి. ఎండలో నిలిపిన బండిలో లైటర్లు, సెంటు డబ్బాలు ఉంచొద్దు. పిల్లల్ని ఐదు నిమిషాలకైనా తాళం వేసి వదలొద్దు.

వానలో అద్దం లోపల ఆవిరి పడితే ఏసీ ఉన్నవాళ్లు దాన్ని వేసి గాలిని అద్దం మీదికి తిప్పాలి, లేనివాళ్లు బయటి గాలి మీట తెరిచి రెండు కిటికీలూ వేలెడు దించాలి. ముగ్గురు కూర్చున్న క్యాబిన్‌లో గంటల తరబడి లోగాలే తిప్పితే నిద్ర ముంచుకొస్తుంది. కాసేపటికోసారి బయటి గాలి రానివ్వాలి.

అమెరికాలో స్థిరపడ్డ మన ఊరి పిల్లలకు పికప్ అంటే వేరే జంతువు: రెండు వరసల సీట్లు, ఎయిర్‌బ్యాగులు, అన్నీ ఉంటాయి. వాళ్లకూ ఒక జాగ్రత్త ఉంది. ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న ముందు సీటులో వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటు బిగించకూడదు. వెనక సీటు లేని పికప్‌లలో ఆ ఎయిర్‌బ్యాగును ఆపే తాళపు మీట కొన్నిటికి ఉంటుంది. పసిబిడ్డ దిగి పెద్దవాళ్లు కూర్చోగానే దాన్ని మళ్లీ తిప్పడం మరవకూడదు.

చివరగా మనుషుల లెక్క. ఆర్‌సీలో డ్రైవరుతో కలిపి ఇద్దరని రాసి ఉంటే ఇద్దరే, ముగ్గురని ఉంటే ముగ్గురే. లెక్కకు మించి నడుమ ఇరుక్కున్నవాడి మోకాలు గేరు రాడ్డుకు అడ్డం వస్తుంది, అతనికి బెల్టూ ఉండదు. రాఖీ పున్నమినాటి మార్కండేయ రథోత్సవానికో, కరీంనగర్ వైపు పెళ్లికో గట్టాల మీద జనాన్ని ఎక్కించడం చట్టం ఒప్పదు, తాడపత్రి మనుషుల్ని పట్టి ఉంచదు. హైదరాబాద్‌కు రెండు రాష్ట్రాల ఆర్టీసీ బస్సులున్నాయి. ముంబై నుంచి వచ్చే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ కూడా మన స్టేషన్‌లో ఆగుతుంది.