భోజనశాలలకు నక్షత్రములు

వంటకు బిరుదములేమి యని కొందఱు నవ్వవచ్చును. మన పండితులకు గండపెండేరమెట్టిదో, ఫ్రాన్సుదేశపు వంటవారికి మిషెలిన్ నక్షత్రమట్టిది. దాని నొసగునది టైర్లు చేయు సంస్థయగుట వింత.

1900లో ఆ దేశమున మూడువేల మోటారుకార్లైనను లేవు. జనులు దూరప్రయాణములు చేసినగాని టైర్లరుగవు, అరిగినగాని అమ్ముడుపోవు. కావున ఆంద్రే, ఎదువార్ మిషెలిన్ సోదరులు బాటసారులకొక చిన్న పుస్తకమును ఉచితముగా పంచిరి. టైరు మార్చు విధము, పెట్రోలు దొరకు తావులు, బసలు అందుండెను. 1920లో దానికి వెల పెట్టిరి. 1926లో మంచి భోజనశాలల పేళ్ళ చెంత నక్షత్రమును ముద్రించిరి; 1931లో రెండు, మూడు నక్షత్రములును వచ్చెను. 1936లో వాని యర్థమును ప్రకటించిరి. ఒకటియున్నచో దారిలో ఆగదగినది. రెండున్నచో చుట్టుదారి పట్టియైనను పోదగినది. మూడున్నచో దానికొఱకే ప్రయాణము కట్టదగినది. ఈ యర్థములయందును బండిచక్రమే తిరుగుచున్నది చూడుడు!

పరీక్షించు పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. పరీక్షకుడు తానెవరో చెప్పడు. అందఱివలె వచ్చి, తిని, సొమ్ము చెల్లించి పోవును. ఇన్‌స్పెక్టరుగారి రాక ముందే తెలిసినచో నల్లబల్ల యెట్లు తళతళలాడునో బడిపంతులనగు నేనెఱుగుదును. సరకుల మేలిమి, చేతి నేర్పు, రుచుల పొందిక, వంటవాని సొంతపోకడ, ఏనాడు తిన్నను ఒకేతీరుగా నుండుట, ఇవియే వారు చూచునవి. బల్లలు, దీపములు, పరిచారకుల దుస్తులు నక్షత్రపు లెక్కలోనికి రావు. అందువలననే 2016లో సింగపూరునందు చాన్ హాన్ మెంగ్ అనునతని చిన్న అంగడికి, సోయారసమున వండిన కోడికిని అన్నమునకును, నక్షత్రము లభించెను. 2021లో అది పోయెను.

అవును, ఇది యొకమారు తొడిగిన కంకణము కాదు. ఏటేట మరల తూచుదురు. ఈ తూనిక యెంత బరువో సెబాస్టియన్ బ్రాస్ గారి కథ వలన తెలియును. దక్షిణ ఫ్రాన్సున లగియోల్ అను నూరి చెంత వారి కుటుంబపు భోజనశాలకు 1999 నుండి మూడు నక్షత్రములుండెను. 2017లో ఆయన తన పేరు తొలగింపుడని కోరెను. వంటింటినుండి వెడలు ఏ పళ్ళెమును పరీక్షకుడు తినుచున్నాడో యను చింత లేక వండవలెనని ఆయన యాశ. 2018 సంచికలో ఆ పేరు లేదు. 2019 సంచికలో రెండు నక్షత్రములతో మరల కనబడెను. బ్రాస్ గారు ఆశ్చర్యపడిరి. నక్షత్రములు తినువారి కొఱకే గాని వండువారి కొఱకు గావని ఆ సంస్థవారి వాదము.