కబురుకు పట్టిన కాలము

"పిల్లవాడికి ఇప్పుడే చెప్పకండి. దేశం కాని దేశంలో కంగారు పడతాడు." గుడివాడ వైపు గాని, దివిసీమలో గాని, పెద్దలు జబ్బుపడిన ఇంట తరచు వినవచ్చు మాట ఇది. ప్రేమతో అన్న మాటయే. కాని అమెరికాకును మన గుమ్మమునకును నడుమనున్న దూరమును లెక్కించి చూచినవారు ఆ మాట అనుటకు జంకుదురు.

దూరదేశపు రాకపోకలు ఈ తీరమునకు కొత్త కావు. 1611లో ఈస్టిండియా కంపెనీవారి 'గ్లోబు' ఓడ ఇంగ్లండు నుండి ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి, నెలల తరబడి సముద్రముపై సాగి బందరు చేరినది. ఆనాడు ఓడకు ఎంత కాలము పట్టునో, అందులో వచ్చు జాబుకును అంత కాలమే పట్టెడిది.

నేడు కబురు క్షణములో పోవును. మనిషి మాత్రము వెనుకబడును. హైదరాబాదు నుండి చికాగోకు అతి దగ్గర దారి సుమారు 13,300 కిలోమీటర్లు. గోడపటమును చూచినచో ఆ దారి తిన్నగా పడమరకు పోవునని తోచును. భూగోళపు బొమ్మపై దారము బిగించి చూడుడు: అది ఉత్తర ధ్రువమునకు చేరువగా, మంచు సముద్రముల మీదుగా పోవును. 2021 జనవరిలో ఈ రెండు నగరముల నడుమ ఎచటను ఆగని విమానము మొదలైనపుడు, పోవుటకు 17 గంటలకు కొంచెము తక్కువ పట్టునని లెక్కవేసిరి. దారిలో విమానము మారవలసి వచ్చినచో, వేచియుండు కాలము దీనికి అదనము.

గడియారపు చిక్కు మరియొకటి. చలికాలములో చికాగో గడియారము మనకంటె పదకొండున్నర గంటలు వెనుక నడచును. సోమవారము రాత్రి 9-30కు అచట విమానమెక్కిన కొడుకు ఎచటను ఆగక 16 గంటలలో వచ్చినను, హైదరాబాదులో దిగువేళకు బుధవారము తెల్లవారుజామున ఒంటిగంట యగును. నడుమ మంగళవారము ఆకాశములోనే కరగిపోవును. మంచము పక్కన కూర్చున్నవారికి ఆ మంగళవారము ఎంత పొడవో!

అంతటితో తీరదు. అచటినుండి గన్నవరము చేరవలెను. గన్నవరములో దిగినవానికి గుడివాడ దగ్గరే గాని, నాగాయలంకకు ఇంకను సుమారు రెండు గంటల రోడ్డు ప్రయాణము. ఎదురుమొండి దీవివారు తరతరములుగా పంటెక్కి కృష్ణను దాటినవారే.

కబురు అందని బాధ ఎట్టిదో ఎరిగిన సీమ ఇది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పొరుగూరి వారి క్షేమము తెలియుటకే రోజులు పట్టినవి. అట్టి చోట, చేత ఫోను ఉంచుకొని రెండు రోజులు మాట దాచుట న్యాయమా?

విమానపు గంటలను మనము తగ్గించలేము. తగ్గించగలిగినది నోరు విప్పుటకు మనము తీసికొను కాలమే. తల్లి కోలుకొన్నచో కొడుకు టిక్కెట్టు మానుకొనును, నష్టము లేదు. ఆలస్యమైనచో ఆ మంగళవారమును వానికి ఎవరును తిరిగి ఇయ్యలేరు.