పటం ఎవరిది, పుస్తకం ఎవరిది?

తెలుగులో బొమ్మల కథ వయసెంత అని అడిగితే చదువుకున్నవారిలో చాలామంది 1947 జూలై దగ్గర ఆగుతారు. చందమామ తొలి సంచిక వెలువడిన నెల అది. కొందరు బుజ్జాయి గీసిన ‘డుంబు’ను తలచుకుంటారు. ఆ తరువాతి తరంవారు 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ పేరు చెబుతారు. చేర్యాల పేరు మాత్రం ఎవరి నోటా రాదు. ఈ మరుపు యాదృచ్ఛికం కాదు. కాగితం మీద అచ్చయినదే సాహిత్యమని, గుడ్డ మీద గీసినది హస్తకళ అని విభజించిన చూపులోనే కులం ఉన్నది.

నేటి సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద పూల అంచులతో గళ్లు విడదీసి కథను గీశారు. కథకుడు పటాన్ని విప్పుతూ, ఒక్కొక్క గడిని చూపుతూ పాడతాడు. గడి తరువాత గడిగా కథ నడవడం కామిక్స్‌కు మూలసూత్రం అయితే, అది ఇక్కడ ఎన్నడో ఉన్నది. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్పారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పారు. ఏ కథకుల కుటుంబానికి ఏ ఊళ్లు అన్నది వంశపారంపర్య హక్కు. ప్రచురణరంగ పరిభాషలో చెప్పాలంటే చిత్రకారుడు, కథకుడు, పాఠకుడు, పంపిణీ ప్రాంతం అన్నీ ముందుగానే కుదిరిన వ్యవస్థ అది.

దానిని కీర్తించి ఊరుకోవడానికి వీలులేదు. డక్కలివారు మాదిగలను ఆశ్రయించి, అంటరానివారికీ అంటరానివారుగా బతకవలసి వచ్చింది. కథ చెప్పే హక్కు యాచించే హక్కుతో ముడిపడి ఉండేది. అయినా ఒక్క సంగతి గుర్తించాలి: జాంబవంతుడు ఆదిపురుషుడుగా నిలిచే సృష్టికథను మాదిగలు తమ సొంత బొమ్మలలో చూసుకున్నారు. ఆధునిక ముద్రణ వచ్చాక ఆ అవకాశం పోయింది. ఇవాళ చేర్యాల కళకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. ప్రదర్శనలలో మాస్కులు, గోడకు తగిలించే బొమ్మలు అమ్ముడుపోతున్నాయి. కథ లేని గడి ఒక్కటే మిగిలింది.

దాని స్థానంలో వచ్చిన కామిక్స్ ఏ ముఖాలను చూపాయి? అమర్ చిత్ర కథలలో తెల్లని మేనివారు దేవతలు, రాజులు. నల్లని మేనివారు రాక్షసులు అన్న విమర్శను పండితులు ఎప్పటినుంచో చేస్తున్నారు. ఆ సంస్థ 1979లో బాబాసాహెబ్ అంబేడ్కర్ మీద ఒక సంచిక తెచ్చిన మాట నిజం. కానీ మహాపురుషుల వరుసలో ఆయనకు ఒక ఆసనం వేయడం వేరు, ఆ వరుసను ఎవరు నిర్ణయిస్తారని అడగడం వేరు. రెండో ప్రశ్న వేయాలంటే సంస్థ యాజమాన్యం మారాలి, లేదా మరో సంస్థ పుట్టాలి.

అటువంటి సంస్థ ఒకటి 2003లో పుట్టింది. ఎస్. ఆనంద్, తమిళ రచయిత రవికుమార్ కలిసి కుల వ్యతిరేక ప్రచురణ కోసమే ‘నవయాన’ను స్థాపించారు. కంచ ఐలయ్య పిల్లల కోసం శ్రమ గౌరవం మీద రాసిన పుస్తకాన్ని 2007లో అదే సంస్థ ప్రచురించింది. దానికి బొమ్మలు వేసిన పర్ధాన్ గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్, భర్త సుభాష్ వ్యామ్‌తో కలిసి 2011లో ‘భీమాయన’ను గీశారు. కథనం శ్రీవిద్యా నటరాజన్, ఆనంద్‌లది. అంబేడ్కర్ తన అవమానాల జ్ఞాపకాలను రాసుకున్న ‘వెయిటింగ్ ఫర్ ఏ వీసా’ దానికి ఆధారం. అందులో 1934 నాటి దౌలతాబాద్ కోట ఘట్టం మన పాఠకులకు ప్రత్యేకంగా తెలియాలి. ఆ కోట అప్పుడు నిజాం రాజ్యంలోనిది. చెరువు నీటితో ముఖాలు, కాళ్లు కడుక్కున్నందుకు అంబేడ్కర్ బృందాన్ని అక్కడ అడ్డుకున్నారు.

ఈ పుస్తకంలో వ్యామ్ దంపతులు మనుషులను చతురస్రపు పెట్టెలలో బంధించలేదు. గోండుల ఇంటి గోడల మీది దిగ్నా అలంకార రేఖలే పుటను విడదీస్తాయి. విషం చిమ్మే మాటకు బుడగ తేలు కొండి ఆకారంలో ఉంటుంది. మృదువైన మాటకు పక్షి ఆకారంలో. ఇది అలంకారం మాత్రమేనని కొట్టివేయలేము. అంటరానితనం బతికేది మాటలోనే అని తెలిసినవారి గీత అది. పైగా ముఖపత్రం మీద చిత్రకారుల పేర్లు ఉన్నాయి. ఆదివాసీ చిత్రకారులను ‘జానపద కళాకారులు’ అని పేరులేకుండా వాడుకోవడం మరిగిన ప్రచురణ రంగంలో ఇది చిన్న మార్పు కాదు.

హైదరాబాద్‌లోనూ ప్రయత్నం జరగకపోలేదు. అన్వేషి స్త్రీవాద పరిశోధన కేంద్రం 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరిట 8 బొమ్మల కథల పుస్తకాలు రూపొందించింది. గోగు శ్యామల తాటకి, మహమ్మద్ ఖదీర్ బాబు తలకాయ కూర కథ అందులోవే. దళిత, ముస్లిం పిల్లల వంటిల్లు, బడి పిల్లల పుస్తకంలో సిగ్గుపడకుండా నిలిచాయి. ఆ పుస్తకాలను ప్రచురించింది మాత్రం కేరళలోని డీసీ బుక్స్. ఆలోచన, రచన ఇక్కడివి. అచ్చువేసి అమ్మే శక్తి మరో రాష్ట్రానిది.

ఎందుకు? ఉప్పుగూడను ఉదాహరణగా తీసుకుందాం. యాకుత్‌పురా తరువాత, ఫలక్‌నుమాకు ముందు వచ్చే ఎంఎంటిఎస్ స్టేషన్. మహంకాళి గుడి బోనాలకు పేరుపడిన పాతబస్తీ పేట. అక్కడ ఒక గదిలో ఒక దళిత యువతి కామిక్స్ సంస్థ ప్రారంభించదలచిందనుకుందాం. పెళ్లిపత్రికల అచ్చుకు పేరుపడిన ఛత్తా బజార్ దూరం కాదు. ఐఎస్‌బిఎన్ ఉచితం. అచ్చు పుస్తకంపై జీఎస్టీ లేదు. ఆరంభం ఇంత సులభమైతే చిక్కు ఎక్కడ?

లెక్కలో ఉన్నది. 16 పుటల ఫారం చొప్పున 32 పుటల పుస్తకానికి రెండు ఫారాలు. రెండు వైపులా నాలుగు రంగులు వేయాలంటే ఆఫ్‌సెట్‌లో సాధారణంగా 16 ప్లేట్లు కావాలి. ఒక్క నలుపులో అయితే 4 చాలు. 200 ప్రతులు వేసినా 2000 వేసినా ప్లేట్ల ఖర్చు మారదు కనుక, తక్కువ వేస్తే ఒక్కొక్క ప్రతి భారం, ఎక్కువ వేస్తే గదిలో గుట్ట. 100 రూపాయల పుస్తకంలో 30 నుంచి 40 రూపాయలు దుకాణం కమీషన్‌కు పోతాయి. మధ్యలో పంపిణీదారు ఉంటే ఇంకా ఎక్కువ. మిగిలినదైనా అమ్ముడుపోయాక, నెలలు గడిచాక వస్తుంది. చిత్రకారుడికి, ప్రెస్సుకు ఇవ్వవలసినది మాత్రం ఇప్పుడే.

కాబట్టి ఈ వ్యాపారంలో అసలు పెట్టుబడి ఎదురుచూడగలగడం. రెండేళ్లు రాబడి లేకపోయినా నిలబెట్టే పొలం, సొంత ఇల్లు, చేబదులిచ్చే బంధువర్గం ఎవరికి ఉన్నాయి? కళ గురించి, ప్రతిభ గురించి జరిగే చర్చలలో ఈ ప్రశ్న ఎన్నడూ రాదు. ప్రతిభ లేక దళిత బహుజన కామిక్స్ రాలేదన్న మాట వినబడినప్పుడల్లా నాకు ఆ ప్రెస్సు బిల్లు గుర్తుకు వస్తుంది. ఉన్న చిన్న ఆసరాలూ సడలుతున్నాయి. పుస్తకాలను చౌకగా చేరవేసే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తివేసింది. పెద్ద సంస్థకు అది ఒక పద్దు. గది ప్రచురణకర్తకు అది సగం లాభం.

దుకాణం లేకుండా పుస్తకం చేరే మార్గం అంబేడ్కర్ ఉద్యమానికి తెలియనిది కాదు. నాగపూర్ దీక్షాభూమిలో, ముంబై చైత్యభూమిలో ఏటా గుమికూడే జనం మధ్య చిన్న ప్రచురణల పుస్తకాలు నేల మీద పరచి అమ్ముతారు. కొన్నవాడు అక్కడికక్కడే డబ్బు ఇస్తాడు. మన దగ్గర ఏప్రిల్ 14న అటువంటి జనసమ్మర్దం ప్రతి పట్టణంలోనూ ఉంటుంది. డక్కలివారి పటం ఊరూరా తిరిగినట్లే, ఆశ్రిత బంధం లేకుండా, ఒక్క నలుపులో అచ్చయిన 32 పుటల పుస్తకం ఆ సభల వెంట తిరగగలదు. భాగ్యరెడ్డి వర్మ ఈ నగరంలోనే 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథల ద్వారా జనాన్ని కూడగట్టాడు. ‘భాగ్యనగర్’ పక్షపత్రిక 1931లో వచ్చింది. ముందు శ్రోతలు, తరువాత పాఠకులు. ఆ వరుసను మన ప్రచురణకర్తలు గమనించవలసి ఉన్నది.

అయితే ప్రభుత్వ బాధ్యత దీనితో తీరదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఉప్పుగూడలో రేకుల ఇంటికి పన్ను కట్టే కుటుంబమూ అది కడుతున్నది. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 4 శాతం కేటాయించాలని 2012 విధానం చెబుతున్నది. కుర్చీలకు, కేబుళ్లకు వర్తించే సూత్రం గ్రంథాలయం కొనే పుస్తకానికి ఎందుకు వర్తించరాదు? జిల్లా గ్రంథాలయ సంస్థలు కొనుగోలు జాబితాలో ప్రచురణ సంస్థ యాజమాన్యాన్ని ఒక ప్రమాణంగా చేర్చి, బిల్లును మూడు నెలలలో చెల్లిస్తే చాలు. ఆ యువతి రెండో పుస్తకానికి ప్లేట్లు తీయించుకోగలుగుతుంది.