కాలువ గట్టున నిలిచే రాయి
(సంఘములు, చందాలు, జ్ఞాపకార్థ విగ్రహములు)



యొర్దాను దాటిన తరువాత ఇశ్రాయేలీయులు నది మధ్యనుండి పన్నెండు రాళ్లు మోసుకొని వచ్చారు. యెహోషువ వాటిని గిల్గాలులో నిలిపాడు. రేపు పిల్లలు ఆ రాళ్లను చూసి ఇవి ఎందుకని అడగాలి, తండ్రులు జవాబు చెప్పాలి. అందుకే దేవుడు ఆ పని చేయించాడు (యెహోషువ 4:1-7, 20-24). రాయి దానంతట అది మాట్లాడదు. అడిగే బిడ్డ, చెప్పే పెద్ద ఉన్నంతకాలమే అది జ్ఞాపకార్థము. ఈ సంగతి నేను ఎన్నోసార్లు ప్రసంగించాను గాని, గత సంవత్సరము వేసవిలోనే సరిగా నేర్చుకున్నాను.

మా ఇంటికి వచ్చిన పెద్దలు

నేను పరిచర్య చేసే గ్రామము ఏలూరు కాలువకు దిగువన, కొల్లేటికి చేరువలో ఉన్నది. మా సంఘస్థులలో ఎక్కువమంది నాట్లకు, కోతలకు, చేపల చెరువుల మీద కూలికి వెళ్లేవారే. దాళ్వా కోతలైపోయి కాలువలు కట్టేసిన రోజులలో, ఒక సాయంత్రం ఊరి రైతు పెద్దలు నలుగురు మా ఇంటికి వచ్చారు.

"పాస్టరు గారూ, కాలువ గట్టు పక్కనున్న పార్కులో కాటన్ దొరగారి విగ్రహం పెడుతున్నాం. ఆయన మీ క్రైస్తవుడే గదండీ. మీ సంఘం తరఫున ఒక పదివేలు రాయండి" అన్నారు.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమైంది. ఊరి పెద్దలు మా పేటకు వచ్చి, మాతో సమానంగా కూర్చొని చందా అడగడం గొప్పగా తోచింది. ఎవరినీ సంప్రదించకుండానే "అలాగేనండి" అన్నాను. ఆదివారం ఆరాధనలో ప్రకటన కూడా చేశాను.

ఆరాధన ముగిశాక ఇద్దరు నా దగ్గరకు వచ్చారు. ఒకరు యౌవనస్థుల కూటమి నాయకుడు. "అయ్యగారూ, విగ్రహాలకు చందా ఇవ్వొచ్చా? పది ఆజ్ఞలలో రెండవది ఏం చెబుతోంది?" అన్నాడు. రెండవవారు ఒక వృద్ధ విధవరాలు. "అయ్యగారూ, ఆ కాలువ తవ్వినోళ్లలో మా ముత్తాతల వాళ్లు ఉన్నారని మా నాయనమ్మ చెప్పేదండి. దొర పేరు రాస్తారు, డబ్బులిచ్చినోళ్ల పేర్లు రాస్తారు. మట్టి తట్ట మోసినోళ్ల పేరు కూడా రాస్తారా అండి? అయినా పదివేలు ఇస్తామని మమ్మల్ని అడక్కుండా ఎలా చెప్పేశారండి?" అని అడిగింది.

ఆమె ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

కాటన్ దొరకు మనము ఋణస్థులమా?

ముందు చరిత్ర చూద్దాము. 1832-33 సంవత్సరములలో వచ్చిన డొక్కల కరువు గుంటూరు సీమను, చుట్టుపక్కల జిల్లాలను మాడ్చివేసింది. 1839లో కోరింగ తుఫాను గోదావరి తీరమును తుడిచిపెట్టింది. గోదావరి నిండుగా పారి సముద్రములో కలుస్తుంటే, గట్టున ఉన్న మనుష్యులు గంజికి లేక చనిపోయారు. 1803లో పుట్టిన ఆర్థర్ కాటన్ ఈ స్థితిని చూసి, నదికి ఆనకట్ట కావాలని ప్రభుత్వముతో వాదించాడు. ధవళేశ్వరము వద్ద 1847లో పని మొదలై 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. వీణెం వీరన్న వంటి మన తెలుగువారు ఆయనకు కుడిభుజముగా నిలిచారు. అక్కడినుండి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే గోదావరి కాలువ ఏలూరులో కృష్ణ కాలువను కలుసుకుంటుంది. తరువాతి రోజులలో కట్టిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. 1986లో హైదరాబాదు ట్యాంక్ బండ్ మీద నిలిపిన తెలుగు వెలుగుల విగ్రహాలలో ఆయన విగ్రహము కూడా ఉన్నది. గోదావరి సీమలో ఆయన విగ్రహము లేని కాలువ ఊళ్లు వెతకవలసినదే.

ఆ కాలములోనే మన ప్రాంతములో సువార్త విత్తనము పడింది. 1836లో ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దొరలు నరసాపురము కేంద్రముగా గోదావరి డెల్టా మిషను పనికి పునాది వేశారు. ఆనకట్ట పనికి చేరిన కూలీల మధ్య కూడా వాక్యము ప్రకటించబడింది. తట్ట మోసిన చేతులలోనే మన మొదటి విశ్వాసులలో కొందరి చేతులు కూడా ఉన్నాయి. ఆ విధవరాలి మాటకు ఇంత బలమున్నది.

విగ్రహమా, జ్ఞాపకార్థమా?

మన తెలుగు భాషలో ఒక చిక్కు ఉన్నది. పూజించే ప్రతిమకూ, కూడలిలో నిలిపే శిలకూ ఒకే మాట, విగ్రహము. నిర్గమకాండము 20:4, 5 పూర్తిగా చదివితే, సాగిలపడుటను, పూజించుటను దేవుడు నిషేధించినట్టు తెలుస్తుంది. సమూయేలు మిస్పాకును షేనుకును మధ్య రాయి నిలిపి ఎబెనెజరు అని పేరు పెట్టాడు (1 సమూయేలు 7:12). అది పూజకు కాదు, దేవుని సహాయమును మరువకుండుటకు.

అయితే హెచ్చరిక కూడా ఉన్నది. మోషే చేసిన ఇత్తడి సర్పము దేవుని ఆజ్ఞ ప్రకారము చేసినదే. తరువాతి తరములవారు దానికి ధూపము వేయసాగినప్పుడు హిజ్కియా దానిని పగులగొట్టాడు (2 రాజులు 18:4). మంచి జ్ఞాపకము కూడా పూజగా మారవచ్చును. కాబట్టి ఊరివారితో కలిసి కృతజ్ఞత చెప్పుదాము, పాలాభిషేకము చేయవద్దు. ఈ తేడాను మన పిల్లలకు ప్రేమతో నేర్పాలి. పొరుగువారిని నిందించి కాదు.

మరొక రకపు స్తంభము కూడా బైబిలులో ఉన్నది. తన పేరు నిలిపే కుమారుడు లేడని అబ్షాలోము బ్రతికుండగానే తనకు తానే స్తంభము కట్టించుకున్నాడు (2 సమూయేలు 18:18). చందా ఫలకము మీద ఎవరి పేరు పైన, ఎవరి పేరు క్రింద అని తగవులాడే దాతలు ఈ వచనమును చదవాలి.

ఒక పార్కు, రెండు విగ్రహాలు

అమెరికా రాజధాని వాషింగ్టనులో లింకన్ పార్కు ఉన్నది. 1865లో అధ్యక్షుడు అబ్రాహాము లింకన్ హత్య వార్త విని, షార్లెట్ స్కాట్ అనే స్త్రీ తన సంపాదనలో 5 డాలర్లు తెచ్చి, ఆయనకు జ్ఞాపకార్థము కట్టమని ఇచ్చింది. ఆమె దాసత్వమునుండి విడుదల పొందినది. ఆమెను చూసి విడుదల పొందిన నల్లజాతివారు, వారి సైనికులు తమ కొద్దిపాటి డబ్బును పోగుచేశారు. 1876 ఏప్రిల్ 14న విగ్రహము ఆవిష్కరించబడింది. అయితే దాని రూపము ఎలా ఉండాలో ఆ దాతలను ఎవరూ అడగలేదు. లింకన్ నిలబడి ఉన్నాడు, ఆయన పాదముల వద్ద సంకెళ్లు తెగిన నల్లజాతి మనిషి మోకాలిమీద ఉన్నాడు. ఆవిష్కరణ సభలో ప్రసంగించిన ఫ్రెడరిక్ డగ్లస్ గారే, నల్లజాతి మనిషి తన కాళ్లమీద నిలబడిన రూపమును చూడవలసి ఉన్నదని కొద్దిరోజులకే పత్రికకు లేఖ వ్రాశారు.

డబ్బు ఇచ్చినది వారు, నిర్ణయము ఇతరులది. ఈ సంగతి తలుచుకున్నప్పుడు మా సంఘములోని ఆ వృద్ధురాలి ప్రశ్న మరల నా చెవిలో వినిపించింది. నేను చేసినదీ అదే గదా!

ఆ కథ అక్కడితో ఆగలేదు. అదే పార్కులో 1974లో మేరీ మెక్లియోడ్ బెథూన్ విగ్రహము నిలిచింది. ఆమె తల్లిదండ్రులు బానిసలుగా బ్రతికినవారు. ఆమె విశ్వాసురాలు, ఉపాధ్యాయురాలు. 1904లో చేతిలో డాలరున్నర డబ్బుతో ఆడపిల్లలకు పాఠశాల మొదలుపెట్టినది. నల్లజాతి స్త్రీల జాతీయ సమాఖ్య సంవత్సరముల తరబడి విరాళములు పోగుచేసి ఆ విగ్రహము కట్టింది. ఆమె మోకరించి లేదు, పిల్లల మధ్య నిలబడి ఉన్నది. ఆమెకు ఎదురుగా ఉండునట్లు లింకన్ విగ్రహమును కూడా అటు త్రిప్పారు.

చందా అడిగేవారికి, ఇచ్చేవారికి నాలుగు మాటలు

మన చుట్టూ ఇలాంటి ప్రయత్నములు తక్కువ కావు. 2022 జూలై 4న ప్రధానమంత్రి ఆవిష్కరించిన భీమవరం అల్లూరి సీతారామరాజు 30 అడుగుల కాంస్య విగ్రహమును క్షత్రియ సేవా సమితి సుమారు 3 కోట్ల రూపాయల విరాళములతో కట్టింది. 2024 జనవరి 19న విజయవాడలో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహమును ప్రభుత్వము ప్రజాధనముతో నిర్మించింది. మన పేటల కూడళ్లలోని అంబేద్కర్ విగ్రహములు ఎన్నో కూలి డబ్బుల చందాలతో లేచినవే. కాబట్టి ఈ మాటలు మనకు అవసరము.

1. కానుక ఇష్టపూర్వకముగా ఉండాలి. ప్రత్యక్షగుడారమునకు హృదయము ప్రేరేపించినవారే తెచ్చారు (నిర్గమ 35:21). సరిపడా వచ్చాక ఇక తేవద్దని మోషే చాటించాడు (36:5-7). తలకింత అని పన్ను వేసినట్టు వసూలు చేయుట కానుక కాదు. చాలినప్పుడు ఆపుట కూడా భక్తియే.

2. లెక్క అందరికీ కనబడాలి. యాజకుడైన యెహోయాదా పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర ఉంచాడు. డబ్బును రాజు లేఖకుడు, ప్రధాన యాజకుడు కలిసి లెక్కించారు (2 రాజులు 12:9, 10). పౌలు సంఘముల కానుకను ఒంటరిగా మోయలేదు, మనుష్యుల దృష్టికి కూడా యోగ్యముగా ఉండాలని ఇతర సహోదరులను తోడు తీసుకున్నాడు (2 కొరింథీ 8:18-21). రసీదు పుస్తకము, ఇద్దరి సంతకములతో బ్యాంకు ఖాతా, జమాఖర్చులు గోడకు అంటించుట, ఇవి అపనమ్మకము కాదు, వాక్యానుసారమైన క్రమము.

3. చోటు, అనుమతి ముందు చూసుకోవాలి. రహదారులు, కాలిబాటలు, ప్రజలు ఉపయోగించే ఇతర స్థలములలో విగ్రహములకు అనుమతి ఇవ్వవద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించింది. బహిరంగ స్థలములలో కొత్తగా మందిరములు, చర్చీలు, మసీదులు కట్టుట గురించి 2009లోనే ఇలాంటి ఆదేశము వచ్చింది. అధికారుల వ్రాతపూర్వక అనుమతి లేకుండా రాత్రికి రాత్రి దిమ్మె కట్టుట సాక్ష్యమునకు తగదు.

4. చెమటోడ్చినవారిని మరువరాదు. నెహెమ్యా 3వ అధ్యాయములో యెరూషలేము గోడ కట్టినవారి జాబితా ఉన్నది. కంసాలులు, పరిమళ ద్రవ్యములు చేయువాడు, షల్లూము, అతని కుమార్తెలు అందరూ వ్రాయబడ్డారు. దేవుని గ్రంథములో పని చేసినవారికి పేరున్నది.

మేమేమి చేశాము

మరుసటి ఆదివారం నేను సంఘము ఎదుట నిలబడి, మిమ్మల్ని అడగకుండా మాట ఇచ్చాను, క్షమించండి అని చెప్పాను. అందరము కూర్చొని మాట్లాడుకున్నాము. కొందరు అసలు వద్దన్నారు. మందిరము రేకులు కారుతుండగా రాతికి డబ్బేమిటన్నారు. అది న్యాయమైన మాటే. చివరకు మూడు వారములు పెట్టె ఉంచుదాము, ఇష్టమైనవారు వేయవచ్చు, బలవంతము లేదు అని తీర్మానించాము. ఆరువేల చిల్లర వచ్చింది. ఆ వృద్ధురాలు ఇరవై రూపాయలు వేసింది.

నేను, ఇద్దరు సంఘపెద్దలు వెళ్లి డబ్బు అప్పగించాము. పదివేలు ఇవ్వలేకపోయినందుకు క్షమాపణ చెప్పి, "ఫలకము మీద కాలువ తవ్విన కూలీలకు ఒక్క వరుస వ్రాయండి" అని కోరాము. ఒకాయన "చోటు లేదండి, దాతల పేర్లకే సరిపోలేదు" అన్నారు. మాట పెరిగేలా ఉన్నది. అప్పుడు వారిలో పెద్ద వయస్సు రైతు ఒకాయన, "నా పేరు తీసేసి ఆ వరుస రాయండయ్యా. వాళ్లు తవ్వకపోతే మనకు నీళ్లెక్కడివి?" అన్నారు. ఇక ఎవరూ ఎదురు చెప్పలేదు.

సార్వాకు కాలువ వదిలిన తరువాత విగ్రహము ఆవిష్కరించారు. ఊరివారు పూలదండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. మేము దండ వేయలేదు. మౌనముగా నిలబడి, నీటి కొరకు దేవునికి స్తోత్రము చెప్పుకున్నాము. ఎవరూ మమ్మును తప్పుపట్టలేదు. జనము వెళ్లిపోయాక ఆ వృద్ధురాలు మనవడి చేయి పట్టుకొని ఫలకము దగ్గరకు వచ్చింది. ఆమెకు చదువు రాదు. పిల్లవాడు అడుగు వరుస కూడబలుక్కొని చదివి వినిపించాడు: "ఈ కాలువ తవ్విన, పేర్లు తెలియని కూలీలందరికీ."

"ఎవరు మామ్మా వాళ్లు?" అని అడిగాడు.

ఆమె కాలువ గట్టు మీద కూర్చొని చెప్పనారంభించింది.

ప్రియ సహోదరీ సహోదరులారా, మీ ఊరిలో రేపు ఏ రాయి నిలిచినా, మీ బిడ్డ అడిగే ప్రశ్నకు సిగ్గుపడకుండా జవాబు చెప్పగలిగేలా మీ కానుక ఉండునుగాక. ఆమేన్.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు: మన ఊరి కాలువ, బడి, మందిరము ఎవరి కష్టముతో కట్టబడినవి? వారిలో ఎవరి పేర్లు మన పిల్లలకు తెలుసు? ఈ వారము పెద్దవారిని అడిగి ఒక్క పేరైనా వ్రాసి ఉంచండి.