మూగవోయిన స్పీకరు – లోపాన్ని కనుగొనే విధానం

విద్యాభ్యాసంలో చదవడం ఎంత ముఖ్యమో వినడం కూడ అంతే ముఖ్యం. పూర్వం ఇందుకు గురువు గొంతు, విద్యార్థి చెవి చాలేవి. నేడు ఆ రెండింటి నడుమ కంప్యూటరు, సెల్‌ఫోను వచ్చి నిలిచినవి. 2020లో కరోనా వ్యాధి కారణంగా కళాశాలలు మూతపడినప్పుడు అనేకమంది విద్యార్థులు నెలల తరబడి పాఠాలను అరచేతిలోని ఫోనులోనే విన్నారు. నేటికీ రికార్డు చేసిన ఉపన్యాసాలు, ఆంగ్ల ఉచ్చారణ పాఠాలు, ఉద్యోగాల కొరకు దూరం నుంచి జరిగే ఇంటర్వ్యూలు ఆ చిన్న స్పీకరు గుండానే మన చెవిని చేరుతున్నవి.

చూపులేని విద్యార్థికైతే ఆ స్పీకరే కన్ను. తెరపైనున్న అక్షరాలను చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. వంటి ఉచిత సాఫ్ట్‌వేరు అతనికి ఆధారం. ధ్వని ఆగిపోతే అతనికి పాఠం ఒక్కటే పోదు. ధ్వనిని తిరిగి సరిచేసుకునే గుర్తు తెరపై ఎక్కడ ఉన్నదో చెప్పే గొంతు కూడ పోతుంది.

ఇంత ముఖ్యమైన సాధనం మూగవోగానే మనలో చాలమంది చేసే మొదటి పని దుకాణానికి వెళ్ళడం, రెండవ పని స్పీకరు మార్పించడం. కాని మేము చూచినంతలో అనేక సందర్భాలలో స్పీకరు నిర్దోషిగానే తేలుతున్నది. లోపం ఎక్కడ ఉన్నదో తెలిసిన తరువాతనే డబ్బు ఖర్చు చేయవలెనన్నది ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన విషయం. దానిని తెలుసుకునే మార్గం విజ్ఞానశాస్త్ర విద్యార్థులకే కాక అందరికీ అందుబాటులో ఉన్నదే.

ధ్వని నడిచే దారి

కంప్యూటరులో గాని ఫోనులో గాని ధ్వని అంకెల రూపంలో దాగి ఉంటుంది. ముందుగా ఒక సాఫ్ట్‌వేరు ఆ అంకెలను చదువుతుంది. ఏ స్పీకరుకు పంపవలెను, ఎంత బిగ్గరగా పంపవలెను అనునవి యంత్రంలోని అమరికలు నిర్ణయిస్తవి. పిమ్మట ఒక చిన్న విద్యుత్ పరికరం అంకెలను విద్యుత్ తరంగాలుగా మారుస్తుంది. ఆంప్లిఫయరు వాటి బలాన్ని పెంచుతుంది. తీగ వాటిని స్పీకరుకు చేరుస్తుంది.

స్పీకరులో ఒక శాశ్వత అయస్కాంతం, దాని చెంత సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అతికిన పలుచని పొర ఉంటవి. చుట్టలో ప్రవహించే విద్యుత్తు దిశ మారినప్పుడెల్ల చుట్ట ముందుకు, వెనుకకు కదులుతుంది. దానితోపాటు పొర కదిలి గాలిని కంపింపజేస్తుంది. ఈ తరహా స్పీకరు నిర్మాణాన్ని అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనువారు 1925లో వివరించారు. నూరేండ్లు గడిచినా గోరంత ఫోను స్పీకరులోను, సభలలోని పెద్ద స్పీకరులోను పనిచేస్తున్నది ఈ సూత్రమే.

చివరి మడికి నీరు అందకపోతే తెలివైన రైతు ఆ మడిని తవ్వడు. తూము వద్దనుంచి కాలువ గట్టున నడిచి, గండి ఎక్కడ పడినదో చూస్తాడు. ధ్వని విషయంలోను మనం చేయవలసినది అదే.

మార్చి చూచే పరీక్ష

ఈ పరీక్షకు ఏ పరికరమూ కొననక్కరలేదు. బాగా పనిచేస్తున్నదని ముందే తెలిసిన ఇయర్‌ఫోను ఒకటి ఉంటే చాలు. ఒక్కొక్కసారి ఒక్క వస్తువును మాత్రమే మార్చవలెను. ఒకేసారి రెండు మార్చితే సమస్య తీరవచ్చును గాని, కారణం ఏదో తెలియదు.

మొదట, పాట గాని పాఠం గాని మార్చి చూడవలెను. ఒకటి పలికి మరొకటి పలకకపోతే లోపం ఆ రికార్డులోనో, దానిని వినిపించే సాఫ్ట్‌వేరులోనో ఉన్నది. రెండవది, అదే యంత్రానికి ఇయర్‌ఫోను తగిలించి చూడవలెను. అందులో ధ్వని స్పష్టంగా వస్తే అంకెలను చదివే భాగం చక్కగానే ఉన్నట్లు. ఇక చూడవలసినది స్పీకరును, దాని అమరికను. మూడవది, విడిగా ఉండే స్పీకరైతే దానిని మరొక యంత్రానికి తగిలించవలెను. అక్కడ కూడ పలకకపోతే అప్పుడు దోషం స్పీకరుదో, దాని తీగదో అని చెప్పవచ్చును. అప్పుడు తీగను మార్చి చూడవలెను, ఎందుకనగా స్పీకరుకంటె తీగ ధర బహు స్వల్పం.

ఆంప్లిఫయరు లేని వట్టి స్పీకరుకు మరొక పరీక్ష కలదు. దానిని యంత్రం నుంచి పూర్తిగా విడదీసి, రెండు తీగలను 1.5 వోల్టుల బ్యాటరీ సెల్లుకు క్షణకాలం తాకించవలెను. 'టక్'మని చప్పుడు వస్తే తీగచుట్ట తెగలేదని గ్రహించవచ్చును. కరెంటు ప్లగ్గు గల స్పీకర్లపైన, ఫోన్లపైన ఈ పరీక్ష చేయరాదు.

కంప్యూటరులో తరచు కనిపించే లోపాలు

తెరకు కుడివైపు అడుగున, గడియారం పక్కన స్పీకరు గుర్తు ఉంటుంది. ముందుగా దానిని నొక్కి, ధ్వని ఏ స్పీకరుకు పోతున్నదో చూడవలెను. కంప్యూటరును మానిటరుకు గాని ప్రొజెక్టరుకు గాని హెచ్.డి.ఎం.ఐ. తీగతో కలిపినప్పుడు ధ్వని కూడ అటే పోవచ్చును. మానిటరులో స్పీకరు లేకపోతే గదిలో నిశ్శబ్దం ఏర్పడుతుంది. జాబితాలో సరియైన స్పీకరును ఎన్నుకుంటే సమస్య క్షణంలో తీరుతుంది. విండోస్‌లోని ధ్వని అమరికలలో 'టెస్ట్' అను మీట కలదు. దానిని నొక్కితే ఎడమ, కుడి స్పీకర్లు ఒకదాని తరువాత ఒకటి పలుకుతవి.

మొత్తం ధ్వని పెంచినా ఒక సాఫ్ట్‌వేరు ధ్వని మాత్రం విడిగా తగ్గించి ఉండవచ్చును. 'వాల్యూం మిక్సర్' తెరచి దానిని పరిశీలించవలెను. స్పీకరు పేరు జాబితాలోనే కనిపించకపోతే డ్రైవరు అనే సాఫ్ట్‌వేరు చెడి ఉండవచ్చును. యంత్రాన్ని ఒకసారి ఆపి తిరిగి ప్రారంభించి, అప్పటికీ రాకపోతే డ్రైవరును తిరిగి వేయవలెను. బల్లమీది పెద్ద కంప్యూటర్లలో సాధారణంగా ఆకుపచ్చ రంధ్రం స్పీకరుకు, గులాబి రంధ్రం మైకుకు ఉద్దేశింపబడినవి. శుభ్రం చేసేటప్పుడు ఊడిన తీగను తిరిగి పెట్టడంలో ఇవి తారుమారు కావడం కద్దు.

'గుం'మని ఎడతెగని రొద వినిపిస్తే అది తరచు 50 హెర్ట్జుల మన కరెంటు నుంచి వచ్చేదే. ల్యాప్‌టాపు ఛార్జరు తీసి బ్యాటరీపై నడిపినప్పుడు ఆ రొద ఆగితే స్పీకరులో దోషం లేదు. స్పీకరును, కంప్యూటరును ఒకే ప్లగ్గుల పలకపై కలిపితే ఆ రొద చాలవరకు తగ్గుతుంది. అందుకొరకు ఎర్తు తీగను తెంచడం ప్రాణాపాయకరం, అది ఎన్నడూ చేయరాదు.

ఇంకొక విచిత్రమైన లోపం కలదు. పాటలో వాద్యాలు వినిపిస్తూ, గాయకుని గొంతు మాత్రం నూతిలోనుంచి వచ్చినట్లుంటుంది. పాఠంలోనైతే అధ్యాపకుని మాట దాదాపు మాయమవుతుంది. ప్లగ్గు సగమే దిగినప్పుడు గాని, రెండు చెవులకు ఉమ్మడియైన తీగ తెగినప్పుడు గాని ఇట్లు జరుగుతుంది. అప్పుడు ఎడమ కుడి ధ్వనుల నడుమనున్న తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతు రెండింటిలోను సమానంగా ఉండడం వలన అది రద్దయిపోతుంది. ప్లగ్గును పూర్తిగా నొక్కడమే మొదటి చికిత్స.

ఫోనులో తరచు కనిపించే లోపాలు

ఫోనులో చెవి దగ్గర ఒక స్పీకరు, అడుగున మరొకటి ఉంటవి. ఒకటి చెడితే రెండూ చెడినట్లు కాదు. పాటల ధ్వనికి, మాటల ధ్వనికి, గంటకు, అలారానికి వేరువేరు అమరికలు కలవు. గంట మోగి పాట వినబడకపోతే స్పీకరు ఆరోగ్యంగానే ఉన్నదని తెలుసుకోవలెను. మాటల ధ్వనిని కాల్ జరుగుతుండగానే పెంచి చూడవలెను. ధ్వని బొత్తిగా లేనప్పుడు బ్లూటూత్ ఆపి చూడడం మరువరాదు. పక్క గదిలోని స్పీకరుకో, సంచిలోని ఇయర్‌ఫోనుకో ఫోను తనంతట తాను కలిసిపోయి ఉండవచ్చును.

ఒక విద్యార్థి ఫోనులో అవతలివారి మాట గుసగుసవలె వినిపిస్తుంటే, స్పీకరు మార్చక తప్పదని ఒక దుకాణంలో చెప్పారట. మేము చూడగా తెరపై అంటించిన గాజు పలక చెవి రంధ్రాన్ని సగం కప్పి ఉన్నది. మిగిలిన సగంలో దుమ్ము పేరుకున్నది. పలక తీసి, మెత్తని పొడి కుంచెతో దులపగా మాట స్పష్టమైనది. ఖర్చు ఏమీ కాలేదు. శుభ్రం చేయడానికి సూది వాడరాదు. అడుగున కనిపించే చిన్న రంధ్రాలలో ఒకటి మైకుది కావచ్చును. సూది దానిని చీల్చితే, మన మాట అవతలివారికి వినబడని కొత్త రోగం పుట్టుకొస్తుంది.

నీటిలో తడిసిన ఫోనును వెంటనే ఆపి, రంధ్రాలు కిందికి ఉండునట్లు పట్టుకొని మెల్లగా తట్టి, గాలి తగిలేచోట ఆరనివ్వవలెను. ఆరేవరకు ఛార్జింగు పెట్టరాదు. బియ్యంలో పెట్టడం మన ఇండ్లలో అలవాటైపోయినది. కాని బియ్యపు నలుసులు ఫోనుకు హాని చేయవచ్చునని ఆపిల్ సంస్థ 2024లో తన వినియోగదారులను హెచ్చరించినది.

చెవితో చేసే పరీక్ష

ధ్వని వచ్చినంత మాత్రాన స్పీకరు బాగున్నట్లు కాదు. మానవుని చెవి సుమారు 20 హెర్ట్జుల నుంచి 20,000 హెర్ట్జుల వరకు వినగలదు. వయస్సుతో పై హద్దు తగ్గుతుంది. ఫోను స్పీకరు పొర చిన్నది కనుక 100 హెర్ట్జుల మంద్రధ్వనిని అది బలంగా పలకలేదు. అది దోషం కాదు, పరిమితి మాత్రమే. కాని తక్కువ ధ్వనిలో కూడ ఒకానొక స్వరం వద్ద గరగర వినిపిస్తే పొర చిరిగి యుండవచ్చును, లేదా లోపల ఏదో వదులై యుండవచ్చును.

మాటల స్పష్టతను పరీక్షించడానికి మన రెండు భాషలే మంచి సాధనాలు. అచ్చుల బలం తక్కువ పౌనఃపున్యాలలోను, 'స'కారపు బలం ఎక్కువగా 4,000 హెర్ట్జులకు పైనను ఉంటవి. పాత టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జుల వరకే మోసేది. అందుచేతనే అందులో 'స', 'ఫ' అక్షరాలు ఒకదానివలె మరొకటి వినిపించేవి. ఉర్దూలో 'సన్' అనగా సంవత్సరం, 'ఫన్' అనగా కళ. తెలుగులో 'సమం' వేరు, 'శమం' వేరు. ఒక మిత్రునిచేత ఈ మాటలను వరుస మార్చి చదివించి రికార్డు చేసి, స్పీకరులో వినిపించి, వినేవారిని వ్రాయమనవలెను. అందరూ ఒకే మాట దగ్గర తడబడితే తప్పు వినేవారిది కాదు. మరొక స్పీకరులో అదే రికార్డును వినిపిస్తే సంగతి తేలిపోతుంది.

ఇది వినోదం కొరకు చెప్పిన మాట కాదు. ప్రయోగశాలలో శ్రవణ పరీక్ష జరిగేటప్పుడు అరిగిన హెడ్‌ఫోను 'స'కారాన్ని మింగివేస్తే, ఆ యంత్రం వద్ద కూర్చున్న విద్యార్థి మార్కులు కోల్పోతాడు. అతనికి భాష రాదనే నింద కూడ మోయవలసి వస్తుంది. యంత్రం లోపాన్ని మనిషి లోపంగా లెక్కించడం అన్యాయం.

స్పష్టత లేని ధ్వనిని బిగ్గరగా పెంచితే స్పష్టత రాదు. చెవికి హాని మాత్రం కలుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చును. 90 డెసిబెళ్ళ వద్ద ఆ వ్యవధి 4 గంటలకు పడిపోతుంది. చెడిన స్పీకరును మార్చుకోవచ్చును గాని లోపలి చెవిలోని సున్నితమైన కణాలు నశిస్తే తిరిగి మొలవవు.

ఒక సూచన

విద్యార్థులు పై క్రమాన్ని ఒక కాగితంపై వ్రాసుకొని, దుకాణానికి వెళ్ళక ముందు పది నిమిషాలు వెచ్చించవలెనని మా కోరిక. వెళ్ళక తప్పనప్పుడు కూడ 'ధ్వని రావడం లేదు' అనక, 'ఇయర్‌ఫోనులో వస్తున్నది, అడుగు స్పీకరులో రావడం లేదు' అని చెప్పగలిగితే అనవసరమైన మరమ్మతు చాలవరకు తప్పుతుంది.

కళాశాల కమిటీ వారికి ఒక చిన్న మనవి. ప్రయోగశాలలో మంచి స్థితిలో ఉన్న హెడ్‌ఫోను ఒకటి పరీక్షల కొరకే ప్రత్యేకించి ఉంచవలెను. ప్రతి యంత్రం వద్ద లోపం, అది దొరికిన చోటు, తేదీ వ్రాసే పట్టిక ఒకటి ఉండవలెను. ప్రతి శ్రవణ పరీక్షకు ముందు మూడు నిమిషాలు ఎడమ, కుడి ధ్వనులను, పైన చెప్పిన మాటలను వినిపించి, సరిగా వినబడని విద్యార్థిని వేరొక యంత్రం వద్ద కూర్చుండబెట్టవలెను. చూపులేని విద్యార్థులు వాడే యంత్రాన్ని ప్రతి ఉదయం తరగతులకు ముందే పరీక్షించవలెను. వీటిలో హెడ్‌ఫోను ధర తప్ప పెద్ద వ్యయమేమీ లేదు. ఈ విద్యాసంవత్సరపు శ్రవణ పరీక్షల నాటికే ఇవి అమలులోకి వస్తే మన విద్యార్థులు తమ సామర్థ్యానికి తగిన మార్కులే పొందగలరు.